ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానము, నంద్యాల

నంద్యాలలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానము 1906లో స్థాపించబడినది. ఇది ఆచార్య ఎన్.జి.రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయానికి చెందినది. నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతాల నేలలకు అనువైన వంగడాలపై ఇక్కడ పరిశోధనలు జరుగుతాయి. నరసింహ అనే ప్రత్తి రకం ఇక్కడ రూపొందినదే.

పరిశోధనా వ్యూహం

శనగ సాగు విస్తరించిన కొద్దీ కోతకు కూలీల కొరత ఏర్పడినది. సాధారణ శనగ మొక్క పొట్టిది. కాయలు నేలకు దగ్గరగా ఉండుట వలన కోతయంత్రానికి అందవు. చేతితో కోసే స్త్రీల చర్మాన్ని మొక్కపై ఊరే ఆమ్లం దెబ్బతీస్తుంది. అందువలన యంత్రానికి తగిన మొక్కను పెంపొందించుట లక్ష్యంగా ఎంచుకొన్నారు. 2010వ దశకంలో, పటాన్‌చెరులోని ఇక్రిశాట్ సహకారంతో, నిటారుగా, ఎత్తుగా పెరిగే ఎన్‌బిఇజి 47 (ధీర) విడుదలైనది. కాయలు నేలకు ఎత్తులో కాయుట వలన దీనిని యంత్రంతో కోయవచ్చును.

కొత్త రకాలను విడుదలకు ముందు రైతుల పొలాలలో చిరుసంచుల ప్రదర్శనల ద్వారా పరీక్షిస్తారు.