గర్భసంచి ఎక్కడుంటుంది, ఏం చేస్తుంది? కువైట్‌లో ఇంటిపని చేసే అక్కచెల్లెళ్ల కోసం

రాయచోటి, రాజంపేట వైపు నుంచి, గోదావరి జిల్లాల నుంచి కువైట్‌కు ఇంటిపనికి వచ్చిన ఆడవాళ్లు బాధ వచ్చినప్పుడు చెప్పే మాట చాలాసార్లు ఒకటే: "కడుపు నొప్పి". ఆ మాటకు మేడమ్ ఒక పనడాల్ ఇస్తుంది. నొప్పి తగ్గుతుంది, వచ్చే నెల మళ్లీ వస్తుంది. క్లినిక్‌కు తీసుకెళ్లినా వచ్చీరాని అరబీలోనో హిందీలోనో చెప్పేసరికి అది గ్యాస్ నొప్పి అయిపోతుంది. నొప్పి బొడ్డు పైనా, కిందా? మధ్యలోనా, ఒక పక్కనా? నెలసరితో కలిసి వస్తోందా, విడిగానా? ఈ మూడూ చెప్పగలిగితే డాక్టరుకు దారి దొరుకుతుంది. అవి చెప్పాలంటే లోపల ఏది ఎక్కడుందో మీకు తెలియాలి. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

అరచేతిని బొడ్డు కింద పొత్తికడుపు మీద పెట్టండి. ఆ చేతి కింద లోపల ముందువైపు మూత్రాశయం, వెనకవైపు పెద్దపేగు చివరి భాగం ఉంటాయి. రెండింటి మధ్యలో గర్భసంచి. తొడిమ కిందికి ఉండేలా పట్టుకున్న బేరిపండు ఆకారం, పొడవు సుమారు ఏడున్నర సెంటీమీటర్లు. చుట్టూ దళసరి కండరం, లోపల మెత్తటి పొర. కిందివైపు సన్నని భాగమే గర్భాశయ ముఖద్వారం. అది యోనిలోకి తెరుచుకుంటుంది. గర్భసంచి పైభాగం నుంచి అటూ ఇటూ రెండు ట్యూబులు, ఒక్కోటి సుమారు పది సెంటీమీటర్లు. వాటి చివర్ల దగ్గర బాదంకాయంత అండాశయాలు రెండు.

ఇరుగుపొరుగు సంగతి గుర్తుంచుకోండి. గర్భసంచిలో గడ్డ పెరిగితే ముందున్న మూత్రాశయాన్ని నొక్కుతుంది, మాటిమాటికీ మూత్రానికి వెళ్లాల్సి వస్తుంది. వెనక్కి నొక్కితే మలబద్ధకం. "నాకు షుగరేమో" అని భయపడేవాళ్లలో కొందరి అసలు సమస్య ఇదే.

అండాలు మనం పుట్టేటప్పటికే అండాశయాల్లో ఉంటాయి, పది ఇరవై లక్షల దాకా. పెద్దమనిషి అయ్యేనాటికి మూడు నాలుగు లక్షలు మిగులుతాయి. జీవితం మొత్తంలో విడుదలయ్యేవి నాలుగైదు వందలే. నెలకు సాధారణంగా ఒక అండం బయటికొచ్చి ట్యూబులోకి వెళ్తుంది. అక్కడ అది బతికేది ఒక రోజు. మగవారి వీర్యకణాలు మాత్రం ఐదు రోజుల దాకా బతకగలవు. రెండూ ట్యూబులోనే కలుస్తాయి, తర్వాత గర్భసంచికి చేరి పొరకు అంటుకుంటుంది. కలవకపోతే ఆ నెల తయారైన పొర అవసరం లేక రక్తంతో పాటు రాలిపోతుంది. అదే నెలసరి. దాన్ని "చెడు రక్తం" అనడం తప్పు. ఒంట్లో తిరిగే రక్తమే అది. అందుకే ఎక్కువగా పోతే మనిషి నీరసించిపోతుంది.

పెద్దవాళ్లలో 21 నుంచి 35 రోజుల మధ్య ఎప్పుడొచ్చినా మామూలే. రెండు నుంచి ఏడు రోజులు ఉండొచ్చు. కొత్త దేశం, నిద్ర లేకపోవడం, ఇంటి బెంగ వల్ల ఒకటి రెండు నెలలు అటూ ఇటూ కావచ్చు. రంజాన్ నెలలో తెల్లవార్లూ వంటగదిలో నిలబడేవాళ్లకు ఇది బాగా తెలుసు.

చాలామంది ఊళ్లోనే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకుని వస్తారు. అందులో గర్భసంచి తీయరు, ట్యూబులు మాత్రం మూసేస్తారు లేదా కత్తిరిస్తారు. అండం విడుదలవుతూనే ఉంటుంది, ఒంట్లోనే కరిగిపోతుంది. నెలసరి ఎప్పటిలాగే వస్తుంది. ఆపరేషన్ తర్వాత కూడా అరుదుగా గర్భం రావచ్చు, అది ట్యూబులోనే నిలిచే ప్రమాదం ఉంటుంది. నెలసరి తప్పి, ఒక పక్క గట్టిగా పొడుస్తున్నట్టు నొప్పి, కళ్లు తిరగడం ఉంటే ఆగకండి. 112కు ఫోన్ చేయించండి. లోపల రక్తస్రావమై ప్రాణం మీదికి వస్తుంది.

రక్తం ఎక్కువ పోతోందా లేదా ఎలా తెలుస్తుంది? ప్యాడ్ గంటకోసారి తడిసిపోవడం, రూపాయి బిళ్ల కన్నా పెద్ద గడ్డలు పడటం, ఏడు రోజులు దాటడం, మెట్లెక్కితే ఆయాసం రావడం. వీటిలో ఏది ఉన్నా రక్తపరీక్ష, స్కానింగ్ అడగండి. గర్భసంచిలో గడ్డలు, థైరాయిడ్ లాంటివి కారణం కావచ్చు. గడ్డ అన్నంత మాత్రాన క్యాన్సర్ కాదు, చాలావరకు కావు. కానీ ముట్లు ఆగి ఏడాది దాటాక మళ్లీ రక్తం కనిపిస్తే, కొంచెమైనా సరే, వెంటనే చూపించాలి.

తెల్లబట్ట గురించి. వాసన, దురద లేకుండా కొద్దిగా తెల్లగా రావడం సహజం. యోనిలో మేలు చేసే సూక్ష్మక్రిములు ఉండి తమకు తామే శుభ్రం చేసుకుంటాయి. లోపల సబ్బుతో, డెటాల్‌తో కడిగితే అవి పోయి ఇన్ఫెక్షన్ వస్తుంది. మూత్రం, నెలసరి వచ్చే దారులు వేర్వేరు, కానీ పక్కపక్కనే ఉంటాయి. కడుక్కునేటప్పుడు ముందు నుంచి వెనక్కే. పని మధ్యలో మూత్రం ఆపుకోవడం, బాత్రూంకు వెళ్లాల్సి వస్తుందని నీళ్లు మానేయడం మంచిది కాదు.

పొత్తికడుపు అడుగున కండరాలు ఊయలలాగా గర్భసంచిని మోస్తాయి. కాన్పులతో అవి బలహీనపడి ఉంటాయి. బరువైన తివాచీలు, నీళ్ల క్యాన్లు ఒంటరిగా ఎత్తితే ఒత్తిడి వాటి మీదే పడుతుంది. కింద ఏదో జారుతున్నట్టు అనిపిస్తే అది వయసు వల్ల వచ్చే మామూలు విషయం అనుకోకండి, చికిత్స ఉంది.

సెలవు మీద ఊరెళ్లినప్పుడు "పిల్లలు పుట్టేశారుగా, ఆ సంచి ఎందుకు, తీయించేసుకో" అనే సలహా వింటారు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లు దేశంలో ఎక్కువ శాతం ఉన్నది ఆంధ్రప్రదేశ్‌లోనే. కొందరికి ఆ ఆపరేషన్ నిజంగా అవసరం. కానీ తెల్లబట్టకో, మామూలు నొప్పికో అది మందు కాదు. సంచితో పాటు అండాశయాలు కూడా తీస్తే హార్మోన్లు ఒక్కసారిగా ఆగిపోతాయి. ఒళ్లంతా వేడి ఆవిర్లు, నిద్రలేమి, ఎముకలు గుల్లబారడం చిన్న వయసులోనే మొదలవుతాయి. సంతకం పెట్టే ముందు "అండాశయాలు ఉంచుతారా?" అని అడగండి. రెండో డాక్టరుకు కూడా చూపించండి.

ఇక్కడ క్లినిక్‌లో పనికొచ్చే మాటలు కొన్ని: నెలసరి "దౌరా", రక్తస్రావం "నజీఫ్", గర్భసంచి "రహిమ్", గర్భిణి "హామిల్", కడుపు "బతన్", కింద "తహత్". లేడీ డాక్టరు కావాలంటే "దక్తూరా". చివరి నెలసరి మొదలైన తేదీ ఫోన్‌లో రాసి ఉంచుకోండి, డాక్టరు తప్పక అడిగే ప్రశ్న అదే. కువైట్ 2015 నాటి 68వ నంబరు గృహ కార్మికుల చట్టం ప్రకారం మీకు వైద్యం చేయించే బాధ్యత యజమానిదే. కాబట్టి మేడమ్‌ను అడిగేటప్పుడు మొహమాటపడక్కర్లేదు.