తెల్ల చందువ, నల్ల చందువ: ఒక చేపల గ్రంథం

1803లో తెలుగు తీరపు చేపల బొమ్మలతో రెండు సంపుటాల గ్రంథం లండన్‌లో వెలువడింది. గ్రంథకర్త ప్యాట్రిక్ రస్సెల్ స్కాట్లండ్ వైద్యుడు. 1785లో ఈస్టిండియా కంపెనీ అతన్ని ప్రకృతి శాస్త్రజ్ఞుడిగా, అంటే ఇక్కడి మొక్కలను, జీవులను పరిశీలించి నమోదు చేసే ఉద్యోగిగా నియమించింది. విశాఖపట్నంలో సేకరించిన 200 చేపలకు స్థానిక చిత్రకారుల సాయంతో బొమ్మలు గీయించి, వాటిని రాగి రేకులపై చెక్కించి అచ్చువేయించిన ఈ గ్రంథంలో తెల్ల చందువ, నల్ల చందువ వంటి జాలరుల పేర్లే రోమన్ లిపిలో కనిపిస్తాయి. లాటిన్ నామాలు ఇంకా స్థిరపడని ఆ కాలంలో ఇది తెలివైన పని. ఫ్రెంచి శాస్త్రవేత్త కువియే సైతం తరువాత ఈ బొమ్మలను ప్రమాణంగా ఉదహరించాడు. పాములపై 1796లో వెలువడిన రస్సెల్ మరో గ్రంథంలోని కాటుక రేకుల పొడకు, అంటే రక్తపింజరకు, అతని పేరే శాస్త్రనామమైంది. బొమ్మలు గీసిన చేతులకు మాత్రం ముఖపత్రంపై చోటు దక్కలేదు.