నోకియా దారి మళ్ళిన నాడు

ఫిన్లండు దేశమున తంపెరె నగరము నడుమ వడిగా పారు ఏరు ఒకటి కలదు. 1865లో ఫ్రెడ్రిక్ ఇదెస్టాం అను గనుల ఇంజనీరు ఆ నీటి బలమును ఆధారము చేసుకొని, కాగితపు గుజ్జు తయారుచేయు మిల్లు నొకదానిని అక్కడ నెలకొల్పినాడు. కొలది ఏండ్లకే సమీపమున ఉన్న నోకియా అను ఊరి వద్ద, మరియొక ఏటి ఒడ్డున, రెండవ మిల్లు వెలసినది. ఆ ఊరి పేరే సంస్థకు పేరయినది. 1967లో ఈ కాగితపు సంస్థ, రబ్బరు సామగ్రి చేయు సంస్థ ఒకటి, విద్యుత్ కేబుళ్ళు చేయు సంస్థ ఒకటి కలిసి ఏకమైనవి. మంచుదేశపు ప్రజలు తొడుగుకొను రబ్బరు బూట్లు మొదలు టెలివిజన్ పెట్టెల వరకు నోకియా చేయని వస్తువు అరుదు.

ఈ పూర్వచరిత్రను ముందుగా చెప్పుటకు కారణమున్నది. కాలము మారినప్పుడు వృత్తిని మార్చుకొనుట ఈ సంస్థకు కొత్త కాదు. అట్టి సంస్థ 2011లో లాభములు నిలుపుకొనుటకై మరియొక మార్పునకు పూనుకొని, మూడేండ్లు తిరుగకముందే తన ఫోన్ల వ్యాపారమును పరుల పాలు చేయవలసి వచ్చినది. మునుపటి మార్పులు ఎందుకు నిలబెట్టినవి, ఈ మార్పు ఎందుకు పడగొట్టినది అన్న ప్రశ్నను మనము ఈ ప్రసంగములో విచారింతము.

సోవియట్ సమాఖ్య 1991లో విచ్ఛిన్నమైనప్పుడు ఫిన్లండు వాణిజ్యమునకు గట్టి దెబ్బ తగిలినది. నోకియా నష్టములలో కూరుకొనినది. 1992లో అధ్యక్ష బాధ్యతలు స్వీకరించిన యోర్మా ఒల్లిలా సాహసముతో కూడిన నిర్ణయము చేసినాడు. రబ్బరు, కేబుళ్ళు, టెలివిజన్లు అన్నింటిని క్రమముగా వదలుకొని, సెల్ ఫోన్లు, వాటికి కావలసిన కేంద్రపరికరములు మాత్రమే చేయవలెనని నిశ్చయించినాడు. 1998 నాటికి నోకియా అమెరికాకు చెందిన మోటరోలాను దాటి ప్రపంచములో మొదటి స్థానమునకు చేరినది. ఒక దశలో లోకములో అమ్ముడైన ప్రతి పది ఫోన్లలో దాదాపు నాలుగు నోకియావే.

మన దేశముతోనూ ఆ పేరునకు తొలినాటి చుట్టరికమే. 1995 జూలై 31న కలకత్తా నుండి జ్యోతిబసు ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖ్‌రాంతో మాటలాడిన తొలి సెల్ ఫోన్ సంభాషణ నోకియా పరికరము మీదనే సాగినది. 2003లో వచ్చిన 1100 రకపు ఫోను, తలపై చిన్న టార్చి దీపముతో, దుమ్మునకు చెడని మీటలతో, మన పల్లెలలోని పొలము గట్ల మీదకు కూడ నడచివచ్చినది. ప్రపంచము మొత్తము మీద ఆ ఒక్క రకము 25 కోట్లకు పైగా అమ్ముడైనది.

ఇక మన కథకు కీలకమైన మాటను కొంచెము వివరించుట అవసరము. ఆపరేటింగ్ సిస్టమ్ అనగా ఫోను లోపల ఉండి, తెరను, మీటలను, జ్ఞాపకశక్తిని, తక్కిన పనులన్నింటిని నడిపించు ప్రధానమైన సాఫ్ట్‌వేర్. యాప్‌లన్నియు దానినే ఆశ్రయించి పనిచేయును. ఒక సిస్టమ్ కొరకు వ్రాసిన యాప్ మరియొక దాని మీద నడువదు, మరల వ్రాయవలసినదే. శ్రోతలకు సులభముగా తెలియుటకు రేడియోనే ఉదాహరణగా తీసుకొనవచ్చును. పెట్టె ఎంత అందముగా ఉన్నను, లోపలి భాగములు ఎంత మేలిరకమువైనను, అది అందుకొనగల స్టేషనులు లేనినాడు ఇంట దాని విలువ ఎంత? స్మార్ట్‌ఫోనునకు యాప్‌లు అట్టివి. స్టేషనులు పెట్టువారు శ్రోతలున్న చోటికి వత్తురు. శ్రోతలు స్టేషనులున్న పెట్టెను కొందురు. ఈ చక్రము ఒకసారి తిరుగ మొదలిడిన పిమ్మట వెనుకబడినవాడు అందుకొనుట మిక్కిలి కష్టము.

నోకియా స్మార్ట్‌ఫోన్లను నడిపినది సింబియన్ అను సిస్టమ్. బ్రిటిష్ సంస్థయైన సయాన్ తన చేతిగణకములకై చేసిన సాఫ్ట్‌వేర్ దీనికి మూలము. 1998లో సయాన్, నోకియా, ఎరిక్సన్, మోటరోలాలు కలిసి సింబియన్ సంస్థను స్థాపించినవి; పదేండ్ల పిమ్మట నోకియా దానిని పూర్తిగా కొనివేసినది. జ్ఞాపకశక్తి స్వల్పముగా ఉన్న మీటల ఫోన్లకై పుట్టిన సిస్టమ్ అది. పొదుపుగా పనిచేయుటలో దానికి సాటి లేదనిపించుకొన్నది. అయితే 2007లో ఆపిల్ సంస్థ ఐఫోనును తెచ్చి, మీటలు తీసివేసి, వ్రేలితో తాకిన పలుకు తెరను జనము చేతికిచ్చినది. మరుసటి ఏడు గూగుల్ వారి ఆండ్రాయిడ్‌తో తొలి ఫోను వచ్చినది. ఆండ్రాయిడ్‌ను ఏ తయారీదారయినను ఉచితముగా వాడుకొనవచ్చును. పాత మీటల కాలమునాటి సింబియన్‌ను ఈ కొత్త పద్ధతికి మలచుట సామాన్యమైన పని కాలేదు. అందునకు మారుగా మీగో అను కొత్త సిస్టమును ఇంటెల్ సంస్థతో కలిసి నోకియా మొదలుపెట్టినది గాని, ఆ పని మందకొడిగా సాగినది.

ఇక్కడ ఒక విషయము మరువరాదు. అప్పటికి అమ్మకములు తగ్గలేదు. 2010లో నోకియా దాదాపు 10 కోట్ల స్మార్ట్‌ఫోన్లు అమ్మినది. తగ్గినవి లాభములు, ఖరీదైన ఫోన్ల విపణిలో పరపతి, విపణిలోని వాటా. ఇల్లు నిండుగా ఉన్నప్పుడు పునాదిలోని చెమ్మ కంటబడదు. 2010 సెప్టెంబరులో డైరెక్టర్లు మైక్రోసాఫ్ట్ సంస్థలో పనిచేయుచున్న స్టీఫెన్ ఈలాప్‌ను పిలిచి పగ్గములు అప్పగించినారు. ఫిన్లండు దేశీయుడు కానివాడు ఆ పీఠమెక్కుట అదే ప్రథమము.

2011 ఫిబ్రవరిలో ఈలాప్ ఉద్యోగులకు వ్రాసిన లేఖ ఒకటి లోకమునకు పొక్కినది. సముద్రము నడుమ మండుచున్న చమురు వేదికపై నిలిచి, మంటలలో కాలుటయా, మంచునీట దూకుటయా అని తేల్చుకొనవలసిన మనిషితో ఆయన తన సంస్థను పోల్చినాడు. ఫిబ్రవరి 11న లండనులో మైక్రోసాఫ్ట్ అధిపతి స్టీవ్ బామర్ సరసన నిలిచి దూకుడు ఎటో ప్రకటించినాడు. ఇకపై నోకియా స్మార్ట్‌ఫోన్లకు మైక్రోసాఫ్ట్ వారి విండోస్ ఫోన్ సిస్టమే ప్రధానము. సింబియన్ క్రమముగా అంతరించును. ఆ దినముననే నోకియా వాటాల ధర బాగుగా పడిపోయినది.

నిర్ణయమునకు వెనుక తర్కము లేకపోలేదు. ఆండ్రాయిడ్‌ను చేపట్టినచో నోకియా పదిమందిలో ఒకటి అగును. అందరి ఫోన్లలోను అదే ఆత్మ ఉన్నప్పుడు ఎక్కువ ధర పలుకుట కష్టము. ఆ గుంపులో ఒక్క తయారీదారు బలిసి తక్కినవారిని మ్రింగివేయునను భయము తనకుండెనని ఈలాప్ తరువాత చెప్పినాడు. సామ్‌సంగ్ విషయమున ఆ ఊహ చాల వరకు నిజమే అయినది. మైక్రోసాఫ్ట్ వద్ద నోకియా ముఖ్య అతిథి. మూడు నెలలకొకమారు 25 కోట్ల డాలర్ల చొప్పున సాయమందించుటకు మైక్రోసాఫ్ట్ ఒప్పుకొన్నది. విండోస్ వాడుకకు నోకియా రుసుము చెల్లించవలెను. కాగితము మీద చూచినచో ఇది లాభసాటి బేరమే.

అయితే కాగితము మీదికి ఎక్కని సంగతి ఒకటి ఉన్నది. పాతది పోవునని ఫిబ్రవరిలో చాటినారు. కొత్తది చేతికందినది ఆ సంవత్సరము చివరను. లూమియా అను పేరుతో తొలి విండోస్ ఫోన్లు వెలువడులోపల దాదాపు తొమ్మిది నెలలు గడచినవి. చావు ఖాయమని యజమానియే ప్రకటించిన సరకును ఏ దుకాణదారు ముందు వరుసలో పెట్టును? ఏ గృహస్థు కష్టార్జితము పోసి కొనును? సింబియన్ కొరకు యాప్‌లు వ్రాయువారు ఏ ఆశతో వ్రాయుదురు? 2010 చివరి మూడు నెలలలో 2 కోట్ల 80 లక్షలకు పైగా స్మార్ట్‌ఫోన్లు అమ్మిన నోకియా, 2011 ఏప్రిల్ నుండి జూన్ వరకు అమ్మినవి సుమారు 1 కోటి 67 లక్షలు మాత్రమే. ఇంకను 15 కోట్ల సింబియన్ ఫోన్లు అమ్మగలమని వేసుకొన్న లెక్క నీటిమూట అయినది. ఆ నడుమనే మీగోతో తయారైన ఎన్9 ఫోను వెలువడి విమర్శకుల మెప్పు పొందినది. కాని దారి మళ్ళినందున దానిని పలు పెద్ద దేశములలో అమ్మకమునకే పెట్టలేదు.

తక్కిన కష్టములు వరుసగా వచ్చినవి. 2012 జూన్‌లో మైక్రోసాఫ్ట్ తన సిస్టమును లోలోపల పూర్తిగా మార్చి విండోస్ ఫోన్ 8ను ప్రకటించినది. అప్పటికి అమ్ముడైన లూమియాలు ఆ కొత్తదానికి పనికిరావని తేలినది. అమెరికాలో లూమియా 900 అంగళ్ళకు వచ్చి అప్పటికి రెండు మూడు నెలలే. ఆ నిర్ణయము నోకియా చేతిలోనిది కాదు. యాప్‌ల కొరతయు తీరలేదు: జనప్రియమైన ఇన్‌స్టాగ్రామ్ విండోస్ ఫోనునకు వచ్చుసరికి 2013 నవంబరు. ధర తక్కువగల లూమియా 520 మన దేశమున కూడ ఆదరణ పొందినమాట నిజమే గాని, చవుక ఫోన్లతో వచ్చు లాభము గండి పూడ్చజాలలేదు. పదునాలుగేండ్లు నిలుపుకొన్న ప్రథమస్థానము 2012లో సామ్‌సంగ్‌కు పోయినది. ఆ ఏడు స్మార్ట్‌ఫోన్ల అమ్మకము 3 కోట్ల 50 లక్షలకు దిగినది. సంస్థ నష్టము సుమారు 310 కోట్ల యూరోలు. ఎస్పోలోని ప్రధాన కార్యాలయ భవనమును సయితము అమ్ముకొని, అందులోనే అద్దెకుండవలసిన గతి పట్టినది.

2013 సెప్టెంబరులో ఫోన్ల వ్యాపారమును, పేటెంట్ల వాడుక హక్కుతో సహా, 544 కోట్ల యూరోలకు మైక్రోసాఫ్ట్‌కు అమ్ముటకు ఒప్పందము కుదిరినది. 2014 ఏప్రిల్‌లో అది పూర్తియైనది. ఫిన్లండులోని సాలో పట్టణపు కర్మాగారము 2012లోనే ఫోన్ల తయారీ ఆపివేసినది. చెన్నై సమీపమున శ్రీపెరుంబుదూరులో 2006లో ఆరంభమై వేలాది యువతీయువకులకు జీవనాధారమైన కర్మాగారము, పన్నుల వివాదములలో చిక్కుకొని, అమ్మకమున చేరక నోకియా వద్దనే మిగిలిపోయినది. మైక్రోసాఫ్ట్ నుండి పని రావడము నిలిచిపోగా 2014 నవంబరు 1న అక్కడి యంత్రములు ఆగినవి. వారిలో అనేకులకు అది జీవితములో తొలి ఉద్యోగము. సింబియన్ మేలా విండోస్ మేలా అని వారిని అడిగినవారు లేరు. ఆ తీర్పు ఖరీదులో కొంత మాత్రము వారే చెల్లించినారు.

ఈ కథ చివరి ఘట్టమున తెలుగువారు ఎరిగిన వ్యక్తి ఒకరు ఉన్నారు. హైదరాబాదున పుట్టి, బేగంపేట పబ్లిక్ స్కూలులో చదివిన సత్య నాదెళ్ళ 2014 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ అధిపతి అయినారు. నోకియా ఫోన్ల కొనుగోలును గూర్చి లోపల అభిప్రాయములు సేకరించినప్పుడు తాము వలదనే చెప్పితిమని 2017లో వెలువడిన తమ గ్రంథములో ఆయన వ్రాసినారు. తాము వలదన్న సంపదయే తమ చేతికి వచ్చినది. 2015 జూలైలో ఆ కొనుగోలునకు సంబంధించి సుమారు 760 కోట్ల డాలర్ల విలువను లెక్కలనుండి కొట్టివేయుచు, 7,800 ఉద్యోగములు తగ్గింతుమని ప్రకటించినారు. అందు అధికభాగము ఫోన్ల విభాగమువే.

అయితే ఆండ్రాయిడ్ వైపు మళ్ళియున్నచో నోకియా బ్రతికియుండునా? నిశ్చయముగా చెప్పుట కష్టము. కెనడాకు చెందిన బ్లాక్‌బెర్రీ సంస్థ 2015లో సొంత సిస్టమును ప్రక్కకు నెట్టి, ఆండ్రాయిడ్‌తో ప్రివ్ అను ఫోనును తెచ్చినది. ఏడాదిలోపుననే ఫోన్ల రూపకల్పనను మానుకొనుచున్నట్లు ప్రకటించి, సాఫ్ట్‌వేర్ వ్యాపారముతో సరిపెట్టుకొన్నది. ఆలస్యముగా దారి మార్చినవానికి మంచి దారియు అక్కరకు రాదనుటకు ఇది తార్కాణము.

కావున ఏ సిస్టమును ఎన్నుకొన్నారన్న దానికన్న, ఏ స్థితిలో, ఏ విధముగా మార్చుకొన్నారన్నదే మా దృష్టికి ముఖ్యముగా తోచుచున్నది. ఒల్లిలా రబ్బరును, కేబుళ్ళను వదలినప్పుడు ఫోన్ల విద్య అప్పటికే నోకియా చేతిలో నున్నది. పాతదానిని వదలుకొనుటకు వేళను సంస్థయే నిర్ణయించుకొనినది. 2011లో చేతిలోనిది జారవిడిచిన నాటికి రావలసినది ఇంకను పరుల కార్ఖానాలో ఉన్నది. దాని వేగము, దాని రూపము, దాని ఆయుర్దాయము అన్నియు ఇతరుల నిర్ణయములే. కొత్త ఏరు దాటుటకు పడవ ఒడ్డునకు రాకముందే పాత వంతెనను కూల్చినట్లయినది.

నోకియా మాత్రము అంతరించలేదు. 2013లోనే సీమెన్స్ వాటాను కొని నెట్‌వర్కు పరికరముల విభాగమును పూర్తిగా తనదిగా చేసుకొన్నది. 2016లో ఆల్కాటెల్-లూసెంట్‌ను కలుపుకొని, సుప్రసిద్ధమైన బెల్ పరిశోధనశాలలకు యజమాని అయినది. ఫోను మీద పేరు కనబడనిచోట, మాట చేరవేయు గోపురముల అడుగున, దాని పని సాగుచున్నది. ఫోన్లపై ఆ పేరు వాడుకొను హక్కు హెచ్.ఎం.డి. అను మరియొక ఫిన్లండు సంస్థకు దక్కినది. 2017లో ఆ సంస్థ నోకియా పేరిట మరల స్మార్ట్‌ఫోన్లు తెచ్చినప్పుడు వాటిని నడిపినది ఆండ్రాయిడే.