మహాసర్వే యంత్రములు: కొనుటకు ముందు అడుగవలసిన ప్రశ్నలు

సంతలో కుండ కొనువారు దానిని వ్రేలితో తట్టి, మ్రోత విని, పిమ్మట బేరమాడుదురు. కాని వేల రూపాయల విలువ గల కొలత యంత్రమును తట్టి చూచుట యెట్లు? భారతదేశపు మహా త్రికోణమితి సర్వే ఆ విద్యను కష్టపడి నేర్చుకొనెను.

1802లో మద్రాసు చెంత సెయింట్ థామస్ మౌంటు వద్ద విలియం లాంబ్టన్ సర్వేకు ఆధారరేఖను కొలిచెను. అతడు వాడిన ఉక్కు గొలుసు మొదట చీనా చక్రవర్తికి కానుకగా పంపబడి, అచ్చట ఆదరణ లేక కలకత్తా చేరినది. ఇట్లు చేతులు మారిన వస్తువును లాంబ్టన్ గ్రుడ్డిగా నమ్మలేదు. లండను నుండి వచ్చిన మరియొక గొలుసును ప్రమాణముగా దాచియుంచి, దానితో పోల్చి చూచెను.

లండనులో కేరీ నిర్మించిన అతని పెద్ద థియొడొలైటు అర టన్ను బరువు గలది. దానిని తెచ్చు ఓడ ఫ్రెంచివారికి చిక్కుటచే, అది మారిషసుకు పోయి మరి మద్రాసు చేరెను. 1808లో తంజావూరి కోవెల గోపురముపైకి ఎత్తుచుండగా త్రాడు తెగి, యంత్రము గోడకు కొట్టుకొని, దాని వలయము వంకరపోయెను. బాగుచేయగల శిల్పి దగ్గరలో లేడు. లాంబ్టన్ స్వయముగా ఆరు వారములు శ్రమించి వలయమును సరిదిద్దెను.

1818లో హైదరాబాదుకు వచ్చి అతనికి సహాయకుడైన జార్జి ఎవరెస్టు, కృష్ణా గోదావరుల నడిమి అడవులలో జ్వరపీడితుడై, పిదప 1823లో సర్వేకు అధిపతి అయ్యెను. 1825లో ఆరోగ్యము చెడి ఇంగ్లండునకు పోయినను అతడు ఊరకుండలేదు. ట్రౌటన్ అండ్ సిమ్స్ వారి శాలలో క్రొత్త యంత్రములు తయారగుచుండగా పర్యవేక్షించెను. ఐర్లండునకు పోయి అచ్చటి కొలత కడ్డీలను పరిశీలించెను. ఎండకు లోహము సాగును. ఉదయపు గొలుసు మధ్యాహ్నమునకు అదే గొలుసు కాదు. ఆ కడ్డీలలో ఇత్తడిని ఇనుముతో జతపరచి, రెండింటి సాగుదలలో గల భేదము వలననే గుర్తుల నడిమి దూరము మారకుండునట్లు చేసిరి. అట్టి పది అడుగుల కడ్డీలతో 1831-32లో కలకత్తా ఆధారరేఖ కొలువబడెను.

1830లో ఎవరెస్టు మరలివచ్చెను. యంత్రములతోపాటు వానిని సరిచూచుటకు హెన్రీ బారో అను శిల్పియు ఆ యేటనే ఇచ్చటికి వచ్చెను. ఈ జాగ్రత్త వృథా కాలేదు. లండనులో పనికివచ్చునని తోచిన ఖగోళ వలయ యంత్రములు ఇచ్చట దృఢత్వము చాలక తిరిగి నిర్మింపవలసివచ్చెను. 1839లో బారో కొలువు ముగిసిన తరువాత ఆ బాధ్యత క్రమముగా ఆర్కాటు వాసియగు సయ్యద్ మీర్ మొహసిన్ హుసేన్ చేతికి వచ్చెను. సీమలో నేర్వని ఆ పనివాని నైపుణ్యమును ఎవరెస్టు మిక్కిలి మెచ్చుకొనెను.

విక్రేత చెప్పు సూక్ష్మత ఒక్కటే చాలదని ఈ చరిత్ర తెలుపుచున్నది. ఏ ప్రమాణముతో పోల్చితిరి? మా యెండలో ఎట్లు నిలుచును? చెడినచో ఇచ్చట బాగుచేయువారెవరు? సొమ్ము చేతిలో నుండగనే ఈ మూడు ప్రశ్నలు అడుగవలెను. చెల్లించిన పిదప అడిగినచో, సమాధానము చెప్పుకొనవలసినవాడు కొన్నవాడే.