జానీ యునైటస్

జానీ యునైటస్ (1933 మే 7 – 2002 సెప్టెంబరు 11) అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు. పూర్తి పేరు జాన్ కాన్‌స్టంటైన్ యునైటస్. నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ (ఎన్‌ఎఫ్‌ఎల్)లో 1956 నుంచి 1973 వరకు 18 సీజన్లు క్వార్టర్‌బ్యాక్‌గా ఆడాడు. చివరి సీజన్ తప్ప మిగతావన్నీ బాల్టిమోర్ కోల్ట్స్ జట్టుకే. 40,239 గజాల పాసులు, 290 టచ్‌డౌన్లు అతని ఖాతాలో ఉన్నాయి. లీగ్‌లో 40,000 గజాలు దాటిన మొదటి క్వార్టర్‌బ్యాక్ అతనే. ఇప్పటి ఆటగాళ్లు ఈ అంకెలను ఎప్పుడో దాటేశారు. క్వార్టర్‌బ్యాక్ అనేవాడు ఎలా ఉండాలో మొదట ఆడి చూపించింది ఎవరని అడిగితే మాత్రం పాతతరం అమెరికన్లు ఇంకా ఇతని పేరే చెబుతారు.

ఫుట్‌బాల్ అనగానే మనకు కాలితో తన్నే ఆట గుర్తొస్తుంది. ఇది వేరు. రెండు కొసలా మొనదేలిన బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తుతూనో, విసురుతూనో ముందుకు తీసుకుపోవాలి. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు దాటాలి. దాటితే మళ్లీ నాలుగు ప్రయత్నాలు దక్కుతాయి, లేకపోతే బంతి ఎదుటివాళ్లది. ఇలా బంతిని ఎదుటివాళ్ల గోల్ గీత దాటిస్తే టచ్‌డౌన్. గజమంటే మనం ఇళ్లస్థలాలు కొలిచే ఆ మూడడుగుల గజమే. బంతి దాదాపు ప్రతిసారీ ముందు క్వార్టర్‌బ్యాక్ చేతికే వస్తుంది. ఎవరికి ఇవ్వాలి, ఎవరికి విసరాలి అన్నది రెండు మూడు క్షణాల్లో తేల్చుకోవాలి. ఈలోగా నిలువెత్తు మనుషులు నలుగురైదుగురు అతన్ని పడగొట్టడానికి మీదికి వస్తుంటారు. ఇప్పుడైతే ఏ ఎత్తు వేయాలో కోచ్ చెవిలోకే చెబుతాడు. యునైటస్ కాలంలో ఎత్తులన్నీ చాలావరకు క్వార్టర్‌బ్యాక్ బుర్రలోంచే రావాలి.

బాల్యం, తిరస్కారాలు

పెన్సిల్వేనియాలోని పిట్స్‌బర్గ్‌లో లిథువేనియా నుంచి వలస వచ్చిన కుటుంబంలో పుట్టాడు. అసలు ఇంటిపేరు యొనైటిస్, అమెరికన్ నోళ్లలో నలిగి యునైటస్ అయింది. తండ్రి ఇళ్లకు బొగ్గు చేరవేసే చిన్న వ్యాపారం చేసేవాడు. జానీకి ఐదేళ్లప్పుడు ఆయన చనిపోయాడు. నలుగురు పిల్లలతో మిగిలిన తల్లి హెలెన్ ఆ బొగ్గు వ్యాపారం నడుపుతూనే మరో పని కూడా చేసి ఇల్లు నెట్టుకొచ్చింది, పద్దులు రాయడం నేర్చుకుని ఉద్యోగం సంపాదించింది.

హైస్కూలు అయ్యాక నోటర్ డామ్ విశ్వవిద్యాలయానికి వెళ్తే బక్కపలచగా ఉన్నావన్నారు. అక్కడి జట్టుకు ఆడటం అప్పట్లో ప్రతి కాథలిక్ కుర్రాడి కల. చివరికి కెంటకీ రాష్ట్రంలోని లూయివిల్ విశ్వవిద్యాలయం ఉపకారవేతనం ఇచ్చి చేర్చుకుంది. చేరేనాటికి అతని బరువు 145 పౌండ్లు, అంటే 66 కిలోలు. ఫుట్‌బాల్‌కు అది బరువే కాదు.

1955 డ్రాఫ్ట్‌లో, అంటే కాలేజీ ఆటగాళ్లను క్లబ్బులు వంతులవారీగా ఎంచుకునే తంతులో, సొంత ఊరి జట్టు పిట్స్‌బర్గ్ స్టీలర్స్ తొమ్మిదో రౌండ్లో అతన్ని తీసుకుంది. తీసుకున్నారే గానీ ఒక్క సన్నాహక మ్యాచ్‌లో కూడా దింపలేదు. సీజన్ మొదలవకముందే ఇంటికి పంపేశారు. అప్పటికే పెళ్లయింది, సంసారం ఉంది. పగలు కట్టడం పనిలో, పునాది దిమ్మెలు దించే బృందంలో చేరాడు. ఆ సీజనంతా బ్లూమ్‌ఫీల్డ్ రామ్స్ అనే పేటజట్టుకు ఆడాడు. గడ్డి సరిగా లేని, రాళ్లు తేలిన మైదానాలవి. కూలి మ్యాచ్‌కు ఆరు డాలర్లు. స్టీలర్స్ చేసిన ఈ పొరపాటును ఎంచని అమెరికన్ క్రీడా చరిత్ర పుస్తకం దాదాపు ఉండదు. అయితే ఆనాడు మిగతా క్లబ్బులేవీ కూడా అతని కోసం ఎగబడలేదు.

కోల్ట్స్ కాలం

1956లో బాల్టిమోర్ కోల్ట్స్ పిలిచి చూసింది, నచ్చి ఒప్పందం చేసుకుంది. కోచ్ వీబ్ యూబ్యాంక్ అతన్ని జార్జ్ షా వెనక ప్రత్యామ్నాయంగా ఉంచాడు. అక్టోబరులో షికాగో బేర్స్ మీద ఆడుతుండగా షా కాలు విరిగింది. యునైటస్ దిగాడు. ఆ రోజు అతను విసిరిన మొదటి పాసు ఎదుటి జట్టువాడు అందుకుని నేరుగా టచ్‌డౌన్‌కు పరుగెత్తాడు. ఆ వెంటనే సహచరుడికి బంతి అందించబోయి జారవిడిచాడు, అదీ బేర్స్‌కే దొరికింది. కోల్ట్స్ 58–27తో ఓడింది. ఇంతకంటే చెడ్డ ఆరంభం వెతికినా దొరకదు. అయినా మర్నాటి నుంచీ స్థానం అతనిదే, పదహారేళ్లపాటు ఆరోగ్యం బాగున్నంతవరకు మరొకరికి దక్కలేదు.

పాసులు అందుకునే రేమండ్ బెర్రీతో జోడీ కుదరడం ఇందుకు పెద్ద కారణం. బెర్రీ వేగంగా పరుగెత్తగలవాడు కాదు, చూపూ అంతంతమాత్రమే. కానీ ఎన్ని అడుగులు వేశాక ఎటు తిరగాలో లెక్కవేసుకుని పరుగెత్తేవాడు. జట్టంతా ఇంటికెళ్లాక ఇద్దరూ మైదానంలో మిగిలిపోయి అదే పాసును మళ్లీ మళ్లీ సాధన చేసేవారు. బెర్రీ తిరగకముందే యునైటస్ చేతిలోంచి బంతి వెళ్లిపోయేది. తిరిగేసరికి అది అతని గుండెల ముందు ఉండేది.

1956 డిసెంబరు 9 నుంచి 1960 డిసెంబరు 4 వరకు వరసగా 47 మ్యాచ్‌ల్లో కనీసం ఒక్కటైనా టచ్‌డౌన్ పాసు విసిరాడు. ఈ రికార్డు 52 ఏళ్లు నిలిచింది, 2012లో డ్రూ బ్రీస్ దాటాడు. 1959లో ఒకే సీజన్లో 32 టచ్‌డౌన్లు విసిరాడు, అంతకుముందు ఎవరూ ముప్పై దాటలేదు.

1958 డిసెంబరు 28

న్యూయార్క్‌లోని యాంకీ స్టేడియంలో న్యూయార్క్ జెయింట్స్‌తో ఛాంపియన్‌షిప్ మ్యాచ్. అమెరికాలో దీన్ని ‘ఇంతవరకు ఆడిన వాటిలోకెల్లా గొప్ప ఆట’ అంటారు. ఆటగా చూస్తే ఆ మాట ఎక్కువే, ఇరుజట్లూ బంతిని ఎన్నోసార్లు జారవిడిచాయి. చివరి ఇరవై నిమిషాలకు మాత్రం తగిన మాటే.

రెండు నిమిషాల ఆట మిగిలుండగా జెయింట్స్ 17–14 ఆధిక్యంలో ఉంది. కోల్ట్స్ చేతికి బంతి సొంత గోల్‌కు 14 గజాల దూరంలో దొరికింది. యునైటస్ వరసగా మూడుసార్లు బెర్రీకే విసిరాడు, ఆ మూడు పాసులకే 62 గజాలు వచ్చాయి. ఏడు సెకన్లుందనగా స్టీవ్ మైరా ఫీల్డ్ గోల్ కొట్టి, అంటే బంతిని గోల్ స్తంభాల మధ్య నుంచి తన్ని, స్కోరు సమం చేశాడు. లీగ్ టైటిల్ పోరులో మొదటిసారిగా ‘సడన్ డెత్’ ఓవర్‌టైమ్ అవసరమైంది, అంటే ముందు పాయింటు తెచ్చుకున్నవాడిదే గెలుపు. చాలామంది ఆటగాళ్లకు ఆ నిబంధన ఉన్నట్టే తెలియదు.

ఓవర్‌టైమ్‌లో కోల్ట్స్ 80 గజాలు నడిచింది. గోల్ దగ్గరపడ్డాక ఫీల్డ్ గోల్ కొట్టినా గెలిచేవారే, కానీ యునైటస్ పక్కకు మరో పాసు విసిరాడు. అది ఎదుటివాడి చేతిలో పడితే ఆటే పోయేది. తర్వాత విలేఖరులు అదే అడిగితే, ఏం చేస్తున్నామో తెలిసినప్పుడు పాసు పరాయివాడి చేతికి పోదన్న అర్థంలో జవాబిచ్చాడు. పొగరో నమ్మకమో వినేవాళ్ల ఇష్టం. మరుసటి ఎత్తులో అలన్ అమీచీ ఒక్క గజం దూసుకెళ్లి 23–17తో ముగించాడు. ఆ రోజు యునైటస్ 40 పాసుల్లో 26 చేర్చి 349 గజాలు సంపాదించాడు. రాత్రి ఎడ్ సలివన్ టీవీ కార్యక్రమానికి రమ్మంటే కాదని జట్టుతో కలిసి బాల్టిమోర్ విమానం ఎక్కాడు, బదులుగా అమీచీ వెళ్లాడు.

దాదాపు నాలుగున్నర కోట్ల మంది ఆ మ్యాచ్‌ను టీవీలో చూశారని అంచనా. అప్పటిదాకా దేశానికి బేస్‌బాలే ముద్దు. ఆదివారం మధ్యాహ్నం టీవీ ముందు కూర్చునే అలవాటు ఈ ఆటతోనే మొదలైందనడం అతిశయోక్తి అయినా, వ్యాపారులకు కళ్లు తెరిపించింది మాత్రం ఇదే. ఆ మ్యాచ్ చూసిన టెక్సస్ చమురు కుటుంబీకుడు లామార్ హంట్ తనకూ ఓ జట్టు కావాలనుకున్నాడు. అతను పూనుకుని పెట్టిన పోటీ లీగ్ 1960లో ఆట మొదలుపెట్టింది. ఆ రెండు లీగుల పోటీలోంచే తర్వాత రెంటి విజేతలు తలపడే సూపర్ బౌల్ పుట్టింది.

తర్వాతి ఏళ్లు

1959లో జెయింట్స్‌నే మళ్లీ ఓడించి టైటిల్ నిలబెట్టుకున్నారు. 1964, 1967ల్లో లీగ్ అత్యుత్తమ ఆటగాడి గౌరవం దక్కింది. 1968 సన్నాహక మ్యాచ్‌లో కుడి మోచేయి దెబ్బతింది. ఆ సీజన్ దాదాపు అంతా బెంచీ మీదే గడిపాడు. సూపర్ బౌల్ 3లో జో నేమత్ ఆడిన న్యూయార్క్ జెట్స్ చేతిలో 16–7తో కోల్ట్స్ ఓడిపోతున్నప్పుడు చివర్లో దిగి, జట్టుకు వచ్చిన ఆ ఒక్క టచ్‌డౌన్ తెచ్చిపెట్టాడు. జెట్స్ కోచ్ ఎవరో కాదు, పాత గురువు యూబ్యాంకే. రెండేళ్ల తర్వాత సూపర్ బౌల్ 5లో డాలస్ మీద కోల్ట్స్ 16–13తో గెలిచినప్పుడు, మధ్యలో గాయపడి బయటికొచ్చేలోపు సహచరుడు జాన్ మాకీకి 75 గజాల టచ్‌డౌన్ పాసు ఇచ్చాడు. దారిలో ఇద్దరి చేతులకు తగిలి మాకీని చేరిన బంతి అది.

1972లో క్లబ్బు యజమాని మారాడు, కొత్త యాజమాన్యం అతన్ని బెంచీ మీద కూర్చోబెట్టింది. 1973లో శాన్ డియేగో చార్జర్స్‌కు అమ్మేసింది. అక్కడి సీజన్ గురించి చెప్పుకోదగింది లేదు. 1974లో ఆట మానేశాడు. 1979లో ప్రో ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు.

1984 మార్చిలో ఓ రాత్రి కోల్ట్స్ క్లబ్బు సామానంతా లారీలకెత్తి ఇండియానాపోలిస్‌కు మారిపోయింది. ఆ ఊరి కోల్ట్స్‌తో తనకు ఏ సంబంధమూ లేదని యునైటస్ తెగేసి చెప్పాడు. తను ఆడింది బాల్టిమోర్‌కని జీవితాంతం పట్టుబట్టాడు. 1996లో బాల్టిమోర్‌కు రావెన్స్ అనే కొత్త జట్టు వచ్చాక మైదానం అంచున తరచూ కనిపించేవాడు. వ్యాపారాలు కలిసిరాలేదు, 1991లో దివాలా ప్రకటించుకున్నాడు.

అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టింది కుడిచేయి. మోచేతి పాత గాయం ముదిరి వేళ్లు స్వాధీనం తప్పాయి. ఫోర్కు పట్టుకోలేడు, చొక్కా గుండీ పెట్టుకోవడమూ కష్టమే. గోల్ఫ్ ఆడాలంటే ఎడమచేత్తో కుడిచేతి వేళ్లను ఒక్కొక్కటిగా కర్ర చుట్టూ మడిచి, జారకుండా పట్టీ బిగించుకునేవాడు. లీగ్ పింఛను పథకాన్ని వైకల్య భృతి అడిగితే ఇవ్వలేదు.

2002 సెప్టెంబరు 11న మేరీల్యాండ్‌లో వ్యాయామం చేస్తుండగా గుండెపోటుతో చనిపోయాడు. వయసు 69. ఎప్పుడూ చీలమండ పైదాకా వచ్చే నల్లబూట్లే తొడిగేవాడు. ఆ వారం ఇండియానాపోలిస్ క్వార్టర్‌బ్యాక్ పేటన్ మానింగ్ అవే వేసుకుంటానంటే యూనిఫాం నిబంధన ఒప్పుకోదని, వేసుకుంటే జరిమానా తప్పదని లీగ్ హెచ్చరించింది. అతను ఆగిపోయాడు. రావెన్స్ తరఫున ఆడుతున్న, లూయివిల్‌లోనే చదివిన క్రిస్ రెడ్‌మన్ ఎవరినీ అడక్కుండా వేసుకుని దిగాడు. 5,000 డాలర్ల జరిమానా పడింది. బాల్టిమోర్ స్టేడియం ముందు ఇప్పుడు యునైటస్ కంచు విగ్రహం ఉంది. మ్యాచ్‌కు వెళ్లేవాళ్లు దాని బూటును నిమిరి లోపలికి పోతారు.