ఎడ్లపందెము



మన విజయనగరప్రాంతమున సంక్రాంతి వెళ్లిన తరువాత జరుగు తీర్థములలో ఎడ్లపందెమునకు చేరునంతమంది జనము వేఱొకదానికి చేరరు. ఇది పల్లెకుఱ్ఱల వేడుక మాత్రమేయని పట్టణవాసులు తలతురు. కాని దీని వంశము చాల పెద్దది.

నాకు పదియేండ్ల వయస్సున, 1971లో, మా పెదతండ్రి నన్నొక పందెమునకు తీసికొనిపోయెను. ఎక్కడనైన పందెమున్నదని వినిన ఆయనకు అన్నము సహించెడిది కాదు. కనుమ దాటిన మూడవనాడు చీకటిపడగానే చీపురుపల్లి చేరువనున్న మా యూరినుండి బయలుదేరితిమి. బండికి ముసలిజతను పూన్చి, పందెపుటెడ్లను వెనుక కట్టితిమి. ఇరుసుక్రింద లాంతరు వ్రేలాడుచుండెను. గరివిడి దాటువఱకు నాకు మెలకువ యున్నది. తెలవారుజామున నెల్లిమర్ల యొద్ద చంపావతి యిసుకలో దిగితిమి. పెదతండ్రి పందెపుటెడ్లను ముందుగా నీటికి తోలి, అవి త్రాగినంతసేపు మాటాడక నిలిచెను. మాకు చద్ది ఆ తరువాతనే.

పెద్దవాడనై వేదము చదువునపుడు ఆ నీరు నాకు జ్ఞప్తికి వచ్చినది. ఋగ్వేదము పదవమండలమున 102వ సూక్తము ముద్గలుని పందెమును గూర్చినది. ఆయన రథమునకు కట్టినది గుఱ్ఱము గాదు, ఎద్దు. దానికి జోడుగా నిలిచినది ఒక కొయ్యగుదియ! సారథ్యము చేసినది ముద్గలుని భార్య. వేయి గోవులు గెలిచిరి. ఆ యెద్దు సంతోషముతో మడుగెడు నీరు త్రాగినదని ఋషి మఱవక చెప్పెను.

వాజపేయయాగములోను రథపందెము కలదు. పదునేడు రథములు, పదునేడు బాణపుదూరముల బాట, చివర మేడికొమ్మ గుఱుతు. అయితే గెలుపు యజమానునిదేయని ముందే నిర్ణీతము. అట్టి పందెమును మన తీర్థములలో జనము సహింపరు.

నన్ను మిక్కిలి ఆలోచింపజేసినది ఐతరేయబ్రాహ్మణములోని దేవతల పందెము. అగ్ని కంచరగాడిదలతో, ఉషస్సు ఎఱ్ఱని గోవులతో, ఇంద్రుడు గుఱ్ఱములతో, అశ్వినులు గాడిదలతో పరుగిడిరి. గెలిచినవారు అశ్వినులు. కాని ఆ గాడిద తన వేగమంతయు అక్కడనే వెచ్చించి, నాటినుండి వాహనములన్నిటిలో మందగామి యైనదట. గెలుపునకు మూల్య మెవరు చెల్లించిరో ఆ గ్రంథకర్త దాచలేదు.

మా పందెము మధ్యాహ్నము జరిగెను. కోసిన మళ్లలో చదును చేసిన మట్టిబాట. ఒక్కొక్క బండిని విడిచి, గడియారముతో కాలము లెక్కించిరి. మా బండి దుమ్ములో మునిగి తేలెను. నేను గొంతు పోవునట్లు కేకలు వేసితిని. మొదటి బహుమానము మాదే. పెదతండ్రి చేతిలోని ములుకఱ్ఱను నేనప్పుడు చూడలేదు.

జంతుహింసానివారణచట్టము 1960 నాటిది. జల్లికట్టును, ఎడ్లబండ్ల పందెములను సర్వోన్నతన్యాయస్థానము 2014 మే 7న నిషేధించెను. పిమ్మట తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్రములు చట్టమును సవరించుకొనగా, ఆ సవరణలు చెల్లునని అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము 2023 మే 18న తీర్పు చెప్పెను. పూర్వాచారమని ఒకరు, హింసయని ఒకరు వాదించిరి. పూర్వాచారమను మాట నిజమేయని నేను పైని చూపితిని; కాని ములుకఱ్ఱకు ఆ మాట చాటున దాగుటకు హక్కు లేదు. ముద్గలుని గెలుపును పాడిన ఋషి యెద్దు దాహమును గూడ చూచెను.

తిరుగుప్రయాణమున మరల చంపావతిలో ఆగితిమి. ఎఱ్ఱయెద్దు నీటిలోనికి దిగి, మూతి తడుపుకొని, త్రాగక నిలిచెను. తొడమీద నెత్తురు గడ్డకట్టియుండెను. పెదతండ్రి లాంతరు తెచ్చి చూచి, పైపంచ తడిపి తుడువబోగా అది ప్రక్కకు తొలగెను. ఆ యెద్దు మా యింట మఱి యెనిమిదేండ్లు బ్రదికినది. దానికి కుడితి పెట్టవలసివచ్చినప్పుడు ఆయన నన్ను పంపెడివాడు.