రుద్దగా వచ్చిన నిగ్గు

చెన్నపట్టణపు పాత మేడల గోడలు పాలరాతివలె మెఱయుచుండెడివని, పదునెనిమిదవ శతాబ్దమున ఇచ్చటికి వచ్చిన ఆంగ్లేయులు అబ్బురపడి వ్రాసికొనిరి. సముద్రపు గుల్లలను కాల్చిన సున్నమున కోడిగ్రుడ్ల తెల్లసొన మొదలగునవి కలిపి పూసి, నున్నని రాతితో ప్రొద్దస్తమానము రుద్దుచుండిన ఆ పనివారికి, నిగ్గనునది పూతలో గాక రాపిడిలో నున్నదని తెలియును. మోటారుబండ్లు వచ్చిన పిమ్మట ఈ నగరమున అట్టి యోర్పే రేకుల మీద మఱల అవసరమయ్యెను.

1840లో ఇచ్చటనే నెలకొని గుఱ్ఱపుబండ్ల నిర్మాణమున పేరుగాంచిన సింప్సన్ కంపెనీలో సామ్యూల్ జాన్ గ్రీన్ 1903లో ఆవిరికారును నిర్మించెను. ఆ కాలమున బండికి రంగు వేయుట వారముల తరబడి సాగెడి తపస్సు: అవిసెనూనె వార్నిషు ఒక్కొక్క పూత ఆరుటకే దినములు పట్టగా, పూతకు పూతకు నడుమ ప్యూమిస్ రాతిపొడిని తడిగుడ్డ కద్ది చేతితో రుద్దెడివారు. 1920ల నాటి నైట్రోసెల్యులోజ్ రంగులు గంటలలో ఆరి ఆ నిరీక్షణమును తొలగించినవి గాని, రాపిడిని తొలగింపలేదు.

పాత ఉప్పుకాగితపు జిగురు నీట నానిన విడిపోవును గనుక దానిని పొడిగానే వాడవలసి వచ్చెడిది. సీసము కలిసిన రంగుధూళి పనివాని ఊపిరితిత్తులలో చేరెడిది. 1921లో అమెరికాలోని 3ఎం కంపెనీ నీటికి చెడని కాగితమును వెలువరించెను. అదియే మన పెయింటర్లు చెప్పు ‘వాటర్ పేపర్’. రంగునకు అది యిచ్చిన నునుపు కంటె, మనుష్యుని శ్వాసను కాచుటయే దాని ఘనతరమైన కీర్తియని నేను తలంతును. 1954లో మురుగప్ప వారు అమెరికా, ఇంగ్లండు కంపెనీలతో కూడి కార్బొరండం యూనివర్సల్‌ను చెన్నపట్టణముననే స్థాపించుటతో రాపిడి సామగ్రి పరిశ్రమ ఇచ్చట వేరూనినది.

ఈ నగరపు పుదుపేట సందులలోని షెడ్డున నేటికిని ఆ వాటర్ పేపర్ పనిని చూడవచ్చును. బకెట్టు నీట నానిన కాగితమును రబ్బరు దిమ్మకు చుట్టి, చుక్క సబ్బునీరు చల్లి, పెయింటరు ఒకే వరుసలో తేలికగా రుద్దును. నడుమ నడుమ నీరు తుడిచి, వెలుతురున ఏటవాలుగా చూచును. నారింజతొక్కవంటి గరుకు పోయి రేకంతయు మసకబాఱిన పిదపనే కాంపౌండు పూసి బఫ్ చేయగా అద్దమువంటి నిగ్గు తేలును. నేటి కార్లపై రంగును కాచు పారదర్శకమైన పైపూత తల వెండ్రుక కంటెను పలుచన. రుద్దిన నీరు పాలవలె తెల్లగా నున్నంతవఱకు భయము లేదు. అందు కారు రంగు తొంగిచూచెనా, పైపూత చిల్లుపడినట్లే.

కావున క్రొత్తగా చేయబూను చదువరులారా, మొదట పాత డోరు నొకదానిని తెచ్చికొని, 2000 నంబరు కాగితముతో చేయి సాధకము చేయుడు. పూత మిక్కిలి పలుచగా నుండు అంచుల జోలికి పోవలదు.